తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు: మాట తేటగా రావాలంటే ప్లేటు ఎలా ఎంచుకోవాలి, ఎలా దిద్దించుకోవాలి

"పళ్ళు" అని ఒకసారి పైకి అనండి. నాలుక కొన వెనక్కి మడత పడి, అంగిలికి తగిలి, ముందుకు జారుతూ వదులుతుంది. ఇప్పుడు ఆ తగిలే చోట 2 మిల్లీమీటర్ల మందాన గులాబీరంగు పలక ఉందనుకోండి. నాలుక ఎప్పటి లెక్కతోనే లేస్తుంది, అంగిలి మాత్రం ముందే ఎదురొస్తుంది. పళ్ళు కట్టించుకున్న మనిషి కొన్నాళ్ళు "పళ్ళు" అనే మాటే సరిగా అనలేకపోవడానికి కారణం ఇదే.

కొన్ని పళ్ళు మాత్రమే పోయినవాళ్ళు పెట్టుకునే ఈ తీసే సెట్టును పార్షియల్ అంటారు. దీన్ని పెట్టించుకునేటప్పుడు "ఫ్లెక్సిబుల్ మంచిదా, మెటల్ మంచిదా" అని అడిగి ఊరుకుంటే మాట సంగతి తేలదు. మీరు తెలుసుకోవాల్సినవి మూడు: ఆ ప్లేటు ఎంత మందం ఉంటుంది, అంగిలిలో ఎక్కడ కూర్చుంటుంది, మాట తేడా వస్తే తర్వాత దిద్దడానికి లొంగుతుందా. మూడోదాన్ని ఎవరూ అడగరు. చివరికి ఇబ్బంది పెట్టేది అదే.

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గునుపూర్, రాయగడ వైపు మనవాళ్ళకు ఇంకో సంగతి ఉంది. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. తెలుగు త, ద పలకాలంటే నాలుక కొన పై ముందుపళ్ళ వెనకభాగాన్ని తాకాలి. ఇంగ్లీషు టీ, డీ అంతకంటే కాస్త పైన, చిగురు మీద పుడతాయి. ఒడియాలో రాతకు శ, ష, స మూడూ ఉన్నా మామూలు మాటల్లో దాదాపు అన్నీ స గానే వస్తాయి. ఫళ, జళ, చాఉళ లాంటి మాటల్లో ళ కూడా బాగా తగులుతుంది. అంటే మన నాలుకకు పళ్ళ వెనకాల, చిగురు మీద, అంగిలి మడత దగ్గర, మూడుచోట్లా పని ఉంది. ప్లేటు ఈ మూడు చోట్లలో దేన్ని కప్పుతుందో చూసుకోవాలి.

మొదటి పని: పాత గొంతు రికార్డు చేసి దాచండి

నోటి అచ్చు తీయించుకోవడానికి ముందురోజే, తలుపులు మూసిన గదిలో, ఫోనును నోటికి ఒక జానెడు దూరంలో పెట్టి ఈ కింది మాటలు చదివి రికార్డు చేయండి. తర్వాత ప్రతిసారీ అదే ఫోను, అదే దూరం.

తాత దుత్తలో పాలు తోడు పెట్టాడు.
సంతలో సూది, సీసా, సున్నం కొన్నాం.
చలికి చాప చుట్టుకున్నాడు. చెట్టు మీద చీమ చేరింది.
జున్ను, జొన్నలు. జీతం, జీలకర్ర.
కళ్ళు, నీళ్ళు, అట్టు, గడ్డి, బండి.
వాన, వంకాయ, ఫోను, కాఫీ.
పాప, బాబు, మామ.
సాఠిఏ, ఏకసఠి, బాసఠి, తేసఠి.

చివరి వరుస ఒడియాలో 60 నుంచి 63. ఇంగ్లీషు మాట్లాడే రోగుల చేత డాక్టర్లు 60 నుంచి 70 దాకా లెక్క పెట్టిస్తారు, ఆ అంకెల నిండా స ఉంటుంది కనుక. తెలుగు అరవైల్లో స లేదు, కాబట్టి ఆ పరీక్ష మన భాషలో పనికిరాదు. ఒడియా అరవైలు మాత్రం చక్కగా పనికొస్తాయి.

మూడో వరుసను కూడా తేలిగ్గా తీసుకోకండి. చలి, చాప, చుక్కల్లో వచ్చే చ వేరు, చెట్టు, చీమ, చేతుల్లో వచ్చే చ వేరు. మొదటిది పళ్ళకు దగ్గరగా పుడుతుంది, దంత్య చ అంటారు; రెండోది అంగిలి మీద, తాలవ్య చ అంటారు. ముందుభాగం మందమైన ప్లేటు పెట్టుకుంటే ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తెలుగు చెవికి ఆ తేడా వెంటనే పట్టుబడుతుంది, అందుకే ఈ వరుస మంచి పరీక్ష.

ఫోన్ కాల్‌లో మీ మాట ఎలా ఉందో అవతలివాళ్ళను అడిగి తీర్పు చెప్పుకోకండి. పాత రకం కాల్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. స శబ్దానికి బలమంతా దానికి పైన, 4000 దాటాక ఉంటుంది. ప్లేటు లేనివాళ్ళ స కూడా ఆ లైనులో పలచగానే వినిపిస్తుంది.

రెండో పని: పదార్థం నాలుకకు ఏం చేస్తుందో తెలుసుకోండి

యాక్రిలిక్. మామూలుగా కట్టే గులాబీరంగు ప్లేటు ఇదే. పెళుసుది కాబట్టి విరగకుండా ఉండాలంటే సుమారు 2 మిల్లీమీటర్లు, ఒక్కోసారి 2.5 దాకా మందం ఉండాలి. అంగిలిలో ఎక్కువ భాగాన్ని కప్పుతుంది. ముందుపళ్ళ వెనకాల అంగిలి మీద వేలితో తడిమితే గరుకు మడతలు తగులుతాయి. నాలుక ఎక్కడ ఆగాలో వాటి స్పర్శను బట్టే తెలుసుకుంటుంది. యాక్రిలిక్ వాటిని కప్పేసి నున్నటి పలకను పెడుతుంది. అందుకే మొదటి వారం స కాస్త శ లా, దంత్య చ కాస్త తాలవ్య చ లా వస్తుంది. వేడి, చలి కూడా సరిగా తెలియవు.

కానీ దీనికో గొప్ప గుణం ఉంది. దిద్దుబాటుకు పూర్తిగా లొంగుతుంది. ఎక్కడ మందం ఎక్కువైందో అక్కడ అరగదీయవచ్చు, తక్కువైనచోట అదే పదార్థం కలిపి పెంచవచ్చు. పన్ను తీయించుకున్న తర్వాత మొదటి 3 నుంచి 6 నెలల్లో ఎముక బాగా తరుగుతుంది, ప్లేటు వదులవుతుంది. అప్పుడు లోపలివైపు కొత్త పొర వేయడం యాక్రిలిక్‌లో సులువు. పళ్ళు ఈమధ్యే తీయించుకున్నవాళ్ళు మొదట యాక్రిలిక్ కట్టించుకుని, చిగురు కుదురుకున్నాక మెటల్‌కు మారడమే సరైన వరస అని మా అభిప్రాయం.

మెటల్. కోబాల్ట్, క్రోమియం కలిసిన లోహాన్ని పోతపోసి చేస్తారు. అంగిలి మీది పట్టీ దాదాపు అర మిల్లీమీటరు మందాన వస్తుంది, యాక్రిలిక్‌లో నాలుగో వంతు. పైగా అంగిలి అంతా కప్పనక్కర్లేదు. మధ్యలోనో వెనకగానో ఒక పట్టీ వేసి ముందు మడతలను పూర్తిగా వదిలేయవచ్చు. నాలుకకు సొంత అంగిలి మిగులుతుంది కాబట్టి మాటకు ఇదే అన్నిటికంటే మేలు. వేడి టీ వేడిగానే తెలుస్తుంది. ఈ లోహం యాక్రిలిక్ కంటే చాలా బరువైనదే, అయినా పలచగా ఉండటం వల్ల నోట్లో భారంగా అనిపించదు.

ఇందులో మోసపోయే చోటొకటి ఉంది. మీకు పోయింది ముందుపళ్ళే అయితే, ఆ పళ్ళను పట్టి ఉంచే భాగం మెటల్ జాలీ మీద యాక్రిలిక్‌తోనే కడతారు. అంటే త, ద, స పుట్టే చోట మళ్ళీ మందమే. మెటల్ కదా, మాటకు ఢోకా లేదు అనుకోవద్దు. పళ్ళ వెనకవైపు మెటల్‌నే తెచ్చి పలచగా ఉంచగలరా అని అడగండి. ఇంకొకటి, పోత పోశాక పట్టీని జరపడం కుదరదు. అర మిల్లీమీటరులో అరగదీయడానికి ఏమీ ఉండదు, మెరుగు పెట్టిన లోహం మీద యాక్రిలిక్ మామూలుగా అంటుకోదు. మెటల్‌లో తప్పులన్నీ కాగితం మీదే దిద్దుకోవాలి.

ఫ్లెక్సిబుల్. ఇది నైలాన్ జాతి. పక్క పళ్ళను పట్టుకునే తీగ కొక్కేలు కనిపించవు కాబట్టి పెళ్ళికి ముందు, ఉద్యోగానికి ముందు చాలామంది దీనికే మొగ్గుతారు. మందం 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు. అంతకంటే పలచనైతే మరీ వంగిపోతుంది, మందమైతే ఫ్లెక్సిబుల్ కట్టించుకున్న ప్రయోజనమే పోతుంది. కొన్ని మాటలకు మొదట్లో హాయిగానే ఉంటుంది. చిక్కేమిటంటే, పక్క పళ్ళ మీద ఆనుకునే గట్టి ఆధారం మామూలుగా ఉండదు, బరువంతా చిగురు మోస్తుంది. నమిలేకొద్దీ ప్లేటు కిందకు దిగుతుంది, అంచుల దగ్గర సందు పడుతుంది, స లో ఈల మొదలవుతుంది. అరగదీస్తే పీచు లేస్తుంది. ల్యాబ్‌లో ప్రత్యేకంగా మెరుగు పెడితే తప్ప నాలుకకు గరుకు తగులుతూనే ఉంటుంది. కొత్త పొర వేయడమూ కష్టమే. ఒకటి రెండు పళ్ళకు, అందం ముఖ్యమైనచోట సరే. వరసగా నాలుగైదు దవడపళ్ళు పోయి రోజంతా మాట్లాడే పనిలో ఉన్నవాళ్ళకు, టీచర్లకు, కౌంటరులో కూర్చునేవాళ్ళకు, దీన్ని మేము సూచించము.

మూడో పని: అచ్చుకు ముందు అంగిలి చూపించండి

శ్రీకాకుళం నుంచి బరంపురం దాకా తీరం వెంట చుట్ట అడ్డపొగ తాగే అలవాటు, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్ళలో, పాతది. నిప్పు నోటి లోపలికి పెట్టుకోవడం వల్ల అంగిలి మీద తెల్లటి, ఎర్రటి మచ్చలు పడతాయి. కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. అలాంటి అంగిలిని ప్లేటుతో కప్పేస్తే మచ్చ కనిపించకుండా పోతుంది. మీ అమ్మకో అత్తకో పళ్ళు కట్టిస్తుంటే ఈ అలవాటు సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఖైనీ, గుడాఖు, జర్దా పాన్ కూడా చెప్పాల్సినవే. మచ్చ ఉంటే ముందు దాని పరీక్ష, ఆ తర్వాతే పళ్ళు.

నాలుగో పని: ల్యాబ్ చీటీలో రాయించాల్సినవి

ల్యాబ్ పక్కవీధిలో ఉన్నా, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉన్నా, ప్లేటు చేసే మనిషి మీ మాట వినడు. అతనికి అందేది అచ్చు, చీటీ, అంతే. కాబట్టి చీటీలో ఏం పడాలో మీరు డాక్టరుతో మాట్లాడుకోండి.

పై పళ్ళకు మెటల్ అయితే పట్టీ పలచగా, వెడల్పుగా ఉండాలి, కనీసం 8 మిల్లీమీటర్ల వెడల్పు. సన్నగా ఉంటే నాలుకకు తక్కువ తగులుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి సన్నటి కడ్డీకి బలం రావాలంటే మందం పెంచాలి, ఆ మందమే నాలుకకు గట్టులా తగులుతుంది. వెడల్పాటి పలచని పట్టీని నాలుక కొద్దిరోజుల్లో మరచిపోతుంది. పట్టీ అంచు మిగిలిన పళ్ళ చిగురుకు 6 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. ముందు అంచు మడతల మధ్య పల్లంలో పడాలి, మడత శిఖరం మీద కాదు. గుర్రపునాడా ఆకారం మాత్రం వేరే దారి లేనప్పుడే, అంగిలి మధ్యలో ఎముక బొడిపె ఉన్నవాళ్ళకు వేసేది. అది సరిగ్గా మాట పుట్టే ముందుభాగాన్నే కప్పుతుంది.

కింది పళ్ళకు నాలుక వైపు కడ్డీ ఎత్తు 4 నుంచి 5 మిల్లీమీటర్లు, చిగురు అంచుకు కనీసం 3 మిల్లీమీటర్లు కింద. అంటే చిగురు నుంచి నోటి నేల దాకా 7, 8 మిల్లీమీటర్ల జాగా కావాలి. డాక్టరు కొలిచేటప్పుడు నాలుక కొనను పై పెదవికి తాకించమంటారు, బిగబట్టకుండా తాకించండి. జాగా లేకపోతే కడ్డీ బదులు పలక వేస్తారు. కింది యాక్రిలిక్‌లో మాత్రం చిన్న దవడపళ్ళ దగ్గర లోపలి అంచును పలచగా ఉంచమనాలి. అక్కడ మందమైతే నాలుక ఇరుకై పైకి ఉబ్బుతుంది, పై ప్లేటు ఎంత బాగున్నా స చెడుతుంది. పై ప్లేటును ఎన్నిసార్లు అరగదీసినా గుణం కనిపించకపోతే ముందుగా అనుమానించాల్సింది కింది సెట్టునే.

యాక్రిలిక్ అయితే వేడిమీద గట్టిపడే రకమే అడగండి. ల్యాబ్‌వాళ్ళు దాన్ని పొడి 3 కొలతలు, ద్రవం 1 కొలత చొప్పున కలపాలి. 74 డిగ్రీల నీళ్ళలో గంటన్నర నుంచి 2 గంటలు, ఆ తర్వాత 100 డిగ్రీల దగ్గర ఒక గంట, ఆపైన తనంతట తానే చల్లారాలి. తొందరపడి మరిగే నీళ్ళలో వేస్తే లోపల బుడగలు పడి ప్లేటు గుల్లవుతుంది. వేడిగా ఉండగానే అచ్చు తెరిస్తే వంకర తిరుగుతుంది. వంకర తిరిగిన ప్లేటు అంగిలి మధ్యలో లేచి ఉంటుంది, ఆ సందులో ఉమ్మి చేరి ప్రతి మాటకూ చప్పుడు చేస్తుంది.

డాక్టరును ఎంచుకోవడంలో దూరం కూడా ముఖ్యం. బరంపురం నుంచి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో కటక్‌లో ఎస్‌సీబీ దంత కళాశాల ఉంది. పర్లాకిమిడివాళ్ళు పాతపట్నం, శ్రీకాకుళం వైపు, రాయగడవాళ్ళు పార్వతీపురం, విశాఖ వైపు వెళ్తుంటారు. సెట్టు చేతికొచ్చాక కూడా మూడు నాలుగుసార్లు దిద్దుబాటుకు వెళ్ళాలి. అన్నిసార్లు వెళ్ళగలిగే చోటే కట్టించుకోండి.

అయిదో పని: మైనం ట్రయల్ రోజు మాట్లాడండి

ప్లేటు తయారవకముందు పళ్ళను మైనంలో అమర్చి నోట్లో పెట్టి చూస్తారు. ఆ రోజు అద్దంలో చూసుకుని "బాగుంది" అనేసి లేచిపోకండి. కుర్చీలో కూర్చుని, మొదట రికార్డు చేసిన మాటలు రాసుకున్న కాగితం తీసి చదవండి. మైనం ప్లేటు తుది ప్లేటు కంటే మందంగా, వదులుగా ఉంటుంది. కాబట్టి ఈ రోజు మందం గురించి తీర్పు చెప్పకండి. పళ్ళు ఎక్కడ నిలబడ్డాయో దాని గురించే చెప్పండి.

"వాన, ఫోను" అన్నప్పుడు పై ముందుపళ్ళ అంచు కింది పెదవి మీద తడిభాగం, పొడిభాగం కలిసే గీత దగ్గర మెత్తగా తగలాలి. పెదవిలో గుచ్చుకుంటే పళ్ళు పొడవయ్యాయి, అసలు అందకపోతే పొట్టివయ్యాయి. "సంతలో సూది, సీసా" అన్నప్పుడు పై కింది ముందుపళ్ళ మధ్య 1 మిల్లీమీటరుకు అటూఇటూ సందు మిగలాలి. టకటకమని కొట్టుకుంటే పళ్ళ ఎత్తు పెరిగిందన్నమాట. "పాప, బాబు, మామ" అనడానికి పెదవులు బలవంతంగా కలపాల్సి వచ్చినా అదే తప్పు. "తాత దుత్తలో" అన్నప్పుడు నాలుక కొన పళ్ళను వెతుక్కుంటే పళ్ళు బాగా ముందుకు పోయాయి, తన్నుకుంటే లోపలికి వచ్చాయి. మైనంలో పన్ను జరపడం రెండు నిమిషాల పని. తర్వాత అది మళ్ళీ ల్యాబ్ పని.

మెటల్ అయితే పళ్ళు అమర్చకముందే ఉత్త చట్రం పెట్టి చూస్తారు. అప్పుడూ మాట్లాడండి. "కళ్ళు, నీళ్ళు, అట్టు" అంటే నాలుక కొన పట్టీ ముందు అంచును గీరుకుంటోందా చూడండి. గీరుకుంటే ఆ అంచును ఏటవాలుగా నున్నన చేయమనండి, ఆ మాత్రం చేయవచ్చు.

ఆరో పని: పిండి పరీక్ష

సెట్టు చేతికొచ్చాక స లో తేడా ఉంటే, ఎక్కడ అరగదీయాలో ఊహించనక్కర్లేదు. ముందుభాగం కప్పే ప్లేటును బాగా తుడిచి ఆరబెట్టి, నాలుక తగిలే వైపు మెత్తటి బియ్యప్పిండి పలచగా చల్లి, ఎక్కువైంది దులిపేయండి. నాలుక తగలనివ్వకుండా పెట్టుకుని, ఒకే ఒక్కసారి "స్" అని, మింగకుండా వెంటనే తీయండి. నాలుక తగిలినచోట పిండి తడిసి గులాబీరంగు బయటపడుతుంది. సరైన స కు రెండు పక్కలా తడి, మధ్యలో ముందుకు వెళ్ళే సన్నటి పిండి బాట కనిపించాలి, గాలి పోయేది ఆ బాటలోంచే. బాట మరీ ఇరుకైతే ఈల వస్తుంది. వెడల్పుగా, లోతు లేకుండా పరచుకుంటే స కాస్తా శ అవుతుంది. ప్లేటును ఫోటో తీసి డాక్టరుకు చూపించండి. దాన్ని బట్టి ఎక్కడ అరగదీయాలో, ఎక్కడ పెంచాలో తేలుస్తారు. పెంచాల్సిన చోట మైనం అద్ది, మీ చేత పలికించి, కుదిరాక యాక్రిలిక్‌లోకి మారుస్తారు. క్లినిక్‌లో ఇదే పనిని వాళ్ళ పొడితోనో పేస్టుతోనో చేస్తారు.

ఈ పని ఇంట్లో బ్లేడుతో, గరుకు కాగితంతో చేయకండి. విరిగితే ఫెవిక్విక్ పెట్టకండి. ముక్కలు ఒక వెంట్రుకవాసి జరిగి అతుక్కున్నా కొక్కెం పట్టు పోతుంది, ఆ తర్వాత అచ్చుమీద సరిగా కూర్చోబెట్టడమూ కష్టమవుతుంది.

మొదటి రెండు వారాలు

నోరు కొత్త ప్లేటును తిండి అనుకుని ఉమ్మి ఊరిస్తుంది. మాటలో చప్పరింపు అందువల్లే. ఉమ్మేయకండి, మింగండి, గుక్కెడు నీళ్ళు తాగుతుండండి. రెండు మూడు రోజుల్లో తగ్గడం మొదలవుతుంది. రోజుకు మూడుసార్లు, పది నిమిషాల చొప్పున, తెలుగు పేపరు పైకి చదవండి. మామూలు కంటే నెమ్మదిగా, కానీ గొంతు పెంచకుండా. పలకని మాట దగ్గరే ఆగి పదిసార్లు అని ముందుకు వెళ్ళండి. మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ప్లేటు తీసి జేబులో వేసుకుంటే నాలుకకు కొత్త దూరం ఎప్పటికీ అలవాటు కాదు. పడుకునే ముందు తీసి మామూలు నీళ్ళలో వేయండి, చిగురుకు విశ్రాంతి కావాలి.

చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో మాట కుదురుతుంది. వారానికోసారి అదే కాగితం రికార్డు చేసి పాతదానితో పోల్చండి. తేడా తగ్గుతూ వస్తుంటే అది అలవాటు పని, ఓపిక పట్టండి. వారం వారానికీ తేడా అలాగే ఉండి, బజారులో వాళ్ళు ఒక్కో మాటకు "ఏటీ?" అని మళ్ళీ అడుగుతుంటే అది ప్లేటు పని, డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మొదట బాగుండి తర్వాత చెడితే ప్లేటు వదులైంది. క, గ దగ్గర వాంతి వచ్చినట్టుంటే వెనక అంచు మందమైంది లేదా పొడవైంది. పుండు 14 రోజుల్లో మానకపోతే ఊరుకోకండి.

ఒక్క జాగ్రత్త. ప్లేటు ఉన్నా తీసేసినా మాట ఒక్కసారిగా ముద్దగా మారి, మూతి పక్కకు జారినా, చెయ్యి ఎత్తలేకపోయినా అది పళ్ళ సంగతి కాదు, పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్లేటును బట్టి శుభ్రం

గరుకైన ప్లేటుకు నాలుక తగులుకుంటుంది, పాచి పట్టి మందమవుతుంది. కాబట్టి శుభ్రత కూడా మాట సంగతే. టూత్‌పేస్టు వద్దు, అది గీతలు పెడుతుంది. గిన్నెల సబ్బు నీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. కింద నీళ్ళ గిన్నె పెట్టుకుని కడగండి, జారినా విరగదు. మరిగే నీళ్ళు యాక్రిలిక్‌ను వంకర తిప్పుతాయి. బట్టల బ్లీచింగ్ మెటల్‌ను తింటుంది. ఫ్లెక్సిబుల్‌కు బ్రష్షు కూడా గట్టిగా రుద్దకూడదు. పెట్టుకోబోయే ముందు దాన్ని వేడి కుళాయినీళ్ళలో ఒక నిమిషం ఉంచితే మెత్తబడి సులువుగా కూర్చుంటుంది. పాన్ మరక పట్టిందని గోటితో గీకకండి, డాక్టరు దగ్గర మెరుగు పెట్టించండి. ఆరు నెలలకోసారి ఆ కాగితం మళ్ళీ చదివి, స లో ఈల కొత్తగా వినిపిస్తే కొక్కేలు బిగించుకోవడానికో, లోపల పొర వేయించుకోవడానికో ఒకసారి వెళ్ళి రండి.